కొలిమి కత్తా, కొరియర్ కత్తా? డెల్టా తోటల్లో నరుకుడు కత్తుల సమీక్ష

కొబ్బరి మట్ట మొదట్లో, అరచెయ్యంత వెడల్పున ఉబ్బి ఉండే చోట, నాలుగు వేట్లు వేస్తే కత్తి సంగతి తేలిపోతుంది. పైన నిగనిగలాడే పెచ్చు గట్టిది. లోపలంతా నీళ్లూ పీచూ. పల్చటి కత్తి పెచ్చు దాటి సర్రున దిగుతుంది గానీ, పీచు రెండు పక్కలా పట్టేసుకుని వదలదు. ప్రతి వేటుకీ ఊపి లాగాల్సిందే. మరీ మందపాటిది ఇరుక్కోదు, కానీ లోతుకీ దిగదు. పైపైన చెక్కుతూ కూర్చుంటుంది. ఈ రెంటికీ మధ్య ఎక్కడ కుదిరిందన్నదే మన తోటల్లో నరుకుడు కత్తికి అసలు పరీక్ష. యూట్యూబులో విదేశీ కత్తుల్ని పరీక్షించే దుంగలు చాలావరకు పైన్ కర్రవి, మెత్తనివి. ఇక్కడి పని కొబ్బరి, తాడి, వెదురు, సరుగుడు, సర్కారు తుమ్మ, గెల దింపాక పడగొట్టే అరటి బోదె. అక్కడ నెగ్గిన కత్తి ఇక్కడా నెగ్గుతుందని లేదు.

ఈ సమీక్షలో పక్కపక్కన పెడుతున్నవి ఇవి: లారీ కమాను పట్టీతో కొలిమిలో చేయించుకునే మచ్చుకత్తి, నేపాల్ కుక్రీ, పల్చటి మచెటేలు, అంటే తుప్పలు కొట్టే పొడవాటి విదేశీ కత్తులు (బ్రెజిల్ ట్రామొంటీనా, కోల్డ్ స్టీల్ వారి కుక్రీ మచెటే), అమెరికా మందపాటి కత్తులు రెండు (కా-బార్ వారి బెకర్ బీకే9, ఈఎస్ఈఈ-6), స్వీడన్ మోరా గార్బర్గ్. తీర్పు ముందే చెప్పేస్తే చదివేవాళ్లకి సుళువు. పదును, అంటే కాల్చి ముంచి గట్టిపరిచే పని, సరిగ్గా కుదిరిన కొలిమి మచ్చుకత్తిని మిగతావేవీ తోటపనిలో దాటలేవు. పదును కుదరని కొలిమి కత్తి మాత్రం వీటన్నిటికంటే అన్యాయం. కాబట్టి ఏ కంపెనీది కొనాలన్న ప్రశ్న కన్నా, కమ్మరి చేతిలోంచి అందుకున్నప్పుడు ఏం చూసుకోవాలన్నదే ముఖ్యం. అందుకే ఆ భాగం కాస్త పొడుగ్గా ఉంటుంది.

గట్టితనం వేరు, ఓర్పు వేరు

కత్తి గట్టిగా ఉంటే అంచు చురుకు ఎక్కువ సేపు నిలుస్తుంది. ఓర్పు ఉంటే దెబ్బకి పెచ్చు లేవదు. ఒకటి పెంచితే రెండోది తగ్గుతుంది. వేయించిన అప్పడం గట్టిదే, వంచితే పెళుక్కుమంటుంది. తాటాకు వంగి మళ్లీ లేస్తుంది. నరికే కత్తి వాదర, అంటే కోసే అంచు, ఈ రెంటి నడుమ ఉండాలి. బెకర్ వాళ్లు బీకే9కి చెప్పే గట్టితనం రాక్‌వెల్ సీ కొలతలో 56–58, ఈఎస్ఈఈ వాళ్లు తమ 6కి చెప్పేది 55–57. నరుకుడు కత్తికి ఇవి సబబైన అంకెలే.

స్టీలు మాటకొస్తే, కమాను పట్టీల్లో ఎక్కువగా కనిపించేది 5160 తరగతి స్టీలు. అందులో కార్బన్ 0.56–0.64 శాతం, క్రోమియం 0.7–0.9 శాతం ఉంటాయి. సిలికాన్ ఎక్కువుండే ఈఎన్45 రకం పట్టీలూ దొరుకుతాయి, అవీ పనికొస్తాయి. అమెరికా కత్తులు రెండూ 1095 కుటుంబానివి. అందులో కార్బన్ 0.90–1.03 శాతం. బెకర్ వాళ్లది దానికే కాస్త క్రోమియం, వెనేడియం చేర్చిన రకం. కార్బన్ సుమారు 0.6 శాతం దాటిన కొద్దీ పదును పెట్టినప్పుడు లోపల పెళుసు నిర్మాణం ఏర్పడే అవకాశం పెరుగుతుంది. అందుకే ఒకే గట్టితనం దగ్గర పోలిస్తే 5160కే ఓర్పు ఎక్కువ. 1095 అంచు సన్నపని బాగా చేస్తుంది, కానీ ఎండు సరుగుడు కణుపు మీద గురి తప్పి వాలుగా పడితే ముందు నొక్కు పడేది దానికే. లారీ తుక్కులోంచి వచ్చిన పట్టీ ఈ ఒక్క విషయంలో ఖరీదైన స్టీలుని మించడం వింతేమీ కాదు. గోతులూ గతుకులూ ఓర్చుకోవడానికే దాన్ని తయారు చేశారు.

కొలిమి మచ్చుకత్తి

మంచి మచ్చుకత్తి కొలతలు ఇలా ఉంటే ఒంటిచేతి పనికి సరిపోతుంది: అలుగు (పిడి కాక మిగిలిన కత్తి రేకు) 25–30 సెంటీమీటర్లు, పిడి దగ్గర వెన్ను మందం 5–6 మిల్లీమీటర్లు, కొస వైపు 4, మొత్తం బరువు 650–800 గ్రాములు. అలుగుని వేలి మీద నిలబెడితే పిడికి మూడు నాలుగు అంగుళాల ముందు తూగాలి. పిడి దగ్గరే తూగితే బరువంతా మన చేతిలోనే ఉండిపోతుంది, దెబ్బలో ఉండదు. కొస దగ్గర ముక్కులా కిందికి వంగి ఉంటే రెండు లాభాలు. కొమ్మని దగ్గరికి లాక్కోవచ్చు. నేలమీద పెట్టి నరికేటప్పుడు వాదరకి ముందు ఆ ముక్కే ఆనుతుంది కాబట్టి ఇసుక తగిలి మొండిబారడం తగ్గుతుంది.

ఇక తయారీలో ఎక్కడ చెడుతుందో చూద్దాం. మొదటిది పట్టీ ఎంపిక. రోడ్డు మీద ఏళ్ల తరబడి ఊగిన పట్టీలో కంటికి కనపడని చీలికలు ఉండొచ్చు. మధ్య బోల్టు రంధ్రం చుట్టుపక్కల ముక్క వద్దనండి. విరిగిపోయిన పట్టీ అయితే విరిగిన చోటికి దూరంగా కోయించండి.

రెండోది కాక. తోలుతిత్తి పోయి కరెంటు బ్లోయరు వచ్చాక బొగ్గు మంట ఎక్కడికక్కడ అదుపు తప్పుతోంది. ఇనుము తెల్లబడి, దాని మీంచి చిచ్చుబుడ్డిలా నిప్పురవ్వలు ఎగిరాయంటే ఆ ముక్క కాలిపోయినట్టే. తిరిగి బాగుపడదు. అంత కాకపోయినా, ఎక్కువ సేపు నారింజ రంగులో ఉంచితే లోపలి రేణువులు పెరిగిపోతాయి. తర్వాత ఎంత బాగా పదును పెట్టినా పెచ్చు లేస్తూనే ఉంటుంది. విరిగిన ముక్కని చూస్తే తెలిసిపోతుంది: పంచదార పలుకుల్లా మెరిస్తే కాక ఎక్కువైనట్టు, బూడిదరంగు పట్టుగుడ్డలా నున్నగా ఉంటే బాగున్నట్టు. ఇంకోవైపు, ముదురు ఎరుపు కూడా పోయాక సమ్మెట వేస్తే సన్న చీలికలు పుడతాయి.

మూడోది, అసలైనది, పదును పెట్టడం. పట్టీ సుమారు 770 డిగ్రీలు దాటాక అయస్కాంతానికి అంటుకోదు. పాత స్పీకరులోంచి పీకిన అయస్కాంతం ఒకటి కొలిమి దగ్గర వేలాడదీస్తే చాలు. అంటుకోవడం మానేశాక ఇంకాస్త కాక, నీడలో చూస్తే పండు మిరపకాయ ఎరుపు తిరిగి కాస్త వెలుగొచ్చే దాకా, అంటే 830 డిగ్రీల చుట్టుపక్కలకి తేవాలి. అప్పుడు ముంచాల్సింది నూనెలో, నీళ్లలో కాదు. డెల్టా కొలుముల్లో వచ్చే చిక్కంతా ఇక్కడే. పక్కన నీళ్ల తొట్టి ఉంటుంది, చెయ్యి అలవాటుగా అటే పోతుంది. ఈ స్టీలుని నీళ్లలో ముంచితే వాదర దగ్గర ‘టిక్’మని చిన్న చప్పుడు వినిపించవచ్చు. ఆ చప్పుడు వింటే కత్తి పక్కన పడెయ్యడమే. వాడేసిన ఇంజను ఆయిలు చాలామంది వాడతారు. పని అవుతుంది గానీ ఆ పొగ మంచిది కాదు. బజ్జీల బండి దగ్గర మిగిలిన నూనె అయినా మేలే. నూనెని చెయ్యి పెట్టి ఉంచలేనంత వేడి, 50–60 డిగ్రీలు, చేసి ఉంచాలి. చల్లటి నూనె చిక్కగా ఉండి వేడిని త్వరగా లాగదు.

“బాబాయ్, వాదర మట్టుకే ముంచండి, వెన్ను ముంచకండి” అని చెప్పడం తప్పేమీ కాదు. వాదర నుంచి రెండు వేళ్ల మేర గట్టిపడి, వెన్ను మెత్తగా మిగిలితే కత్తి విరగదు. కొబ్బరికాయని వెన్నుతో కొట్టి పగలగొట్టే అలవాటు మనది. వెన్ను కూడా గట్టిపడితే ఆ దెబ్బకి ముక్క ఎగిరి కంట్లో పడొచ్చు.

ముంచి తీశాక పని అయిపోయిందనుకోవడం ఇంకో పొరపాటు. అప్పుడది గాజులా ఉంటుంది. వెంటనే, చల్లారీ చల్లారకముందే, ఒక పక్క సానరాయితో తెల్లగా తోమి, వెన్ను వైపు నుంచి మెల్లగా వేడి పెట్టాలి. తెల్లటి ఇనుము మీద రంగులు పాకడం మొదలవుతుంది: ముందు లేత గడ్డి రంగు, తర్వాత తేనె రంగు, గోధుమ, ఊదా, చివరికి నీలం. వెన్ను నీలానికి వచ్చి, వాదర దగ్గర గోధుమ రంగు కనిపించగానే ఆపాలి. వాదర కూడా నీలమైతే మెత్తబడిపోయినట్టే. ఇంట్లో ఓవెన్ ఉన్నవాళ్లు 200–220 డిగ్రీల దగ్గర రెండు గంటల చొప్పున రెండు విడతలు పెట్టుకుంటే ఈ రంగుల జూదం లేకుండా నికరంగా కుదురుతుంది.

కొనేముందు చూసుకోవాల్సినవి, డబ్బులిచ్చే ముందే చూడండి. కొత్త ఆకురాయిని వాదర మీద పెట్టి తోయాలి. గాజు మీద జారినట్టు జారిపోతే మరీ గట్టి, పెచ్చు లేస్తుంది. వెన్నలో దిగినట్టు దిగితే మెత్తన. కాస్త బలం పెడితే పట్టుకుని సన్నగా పొడి రాలితే సరి. అదే ఆకురాయి వెన్ను మీద సులువుగా పట్టాలి. తర్వాత చీలికల పరీక్ష: అలుగంతా కిరసనాయిలు రాసి, పది నిమిషాలు ఆగి, పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, సుద్దముక్క పొడి చల్లాలి. చీలిక ఉంటే అందులో దాగిన కిరసనాయిలు పైకి ఊరి, తెల్లటి సుద్ద మీద గీతలా తడి కనపడుతుంది. వాదరకి అడ్డంగా గీత కనిపిస్తే ఆ కత్తి తీసుకోవద్దు, ఎంత తగ్గించి ఇచ్చినా సరే.

సాన పట్టాక మూడో పరీక్ష. వేలి లావు ఇత్తడి కడ్డీ మీద వాదరని వాలుగా పెట్టి గట్టిగా నొక్కుతూ జరపాలి. కింద వెలుతురు పెట్టుకుని చూస్తే వాదర ఉబ్బి, ఒత్తిడి తీయగానే మళ్లీ తిన్నగా అవుతుంది. అలా అయితే పదును కుదిరినట్టు. వంగి అలాగే ఉండిపోతే మెత్తన, చిటుక్కుమని రాలితే పెళుసు. పది వేట్లు నరికి చూసినదానికంటే ఈ ఒక్క పరీక్షే ఎక్కువ చెబుతుంది.

కొత్త కత్తి మొదటి రెండు మూడు సానల దాకా తొందరగా మొండిబారుతుంటే కంగారు పడక్కర్లేదు. కొలిమిలో పైపొర కార్బన్ పోగొట్టుకుంటుంది. ఆ పొర అరిగిపోయి లోపలి మంచి ఇనుము బయటికొచ్చాక నిలకడ వస్తుంది. నాలుగో సానకి కూడా అదే తీరైతే అప్పుడు తప్పు పదునుది.

పిడి మీద కూడా ఒక మాట. అలుగు తోకని ఎర్రగా కాల్చి కర్రలోకి దించే పద్ధతిలో లోపలి కర్ర బొగ్గయిపోతుంది, ఆ బొగ్గు రాలేకొద్దీ పిడి కదులుతుంది. ముందు బెజ్జం వేయించి, చివరి కొంచెమే కాల్చి దించి, లక్కతో నింపించడం మేలు. మూతి దగ్గర పొన్ను (లోహపు కట్టు) తప్పనిసరి. అలుగు తోకగా మారే మలుపు దగ్గర లోపలి మూల నిట్టనిలువుగా కోసి ఉంటే కత్తి అక్కడే విరుగుతుంది. చిటికెనవేలి గోరంత గుండ్రం ఉండాలి. కర్ర నల్లతుమ్మ అయితే మంచిది. రోహిణి కార్తెలో ఎండి వదులవుతుంది, ఆ రోజుల్లో పనికి ముందు ఓసారి ఊపి చూసుకోండి. లక్కతో బిగించిన కత్తిని ఎండలో బండి డిక్కీలో వదిలేయడం మంచిది కాదు, లక్క మెత్తబడుతుంది.

నేపాల్ కుక్రీ

కొలిమి కత్తికి దగ్గరి చుట్టం ఇదే. భోజ్‌పుర్, ధరాన్ వైపు పనివాళ్లు కూడా వాడేది ఎక్కువగా బండ్ల కమాను పట్టీనే. అలుగు కాల్చాక కెటిల్‌తో నీళ్లు సన్నధారగా వాదర మీదే పోస్తారు. వాదర గట్టిపడుతుంది, వెన్ను మెత్తగా మిగులుతుంది. నీళ్లు అని చదివి పైమాటకి విరుద్ధం అనుకోవద్దు: ముంచడం వేరు, మందపాటి అలుగు అంచు మీద ధార పోయడం వేరు, ఆ చెయ్యి తిరిగే తీరు వేరు. ముందుకు వంగిన ఆకారం వల్ల బరువంతా నరికే చోటే ఉంటుంది. వెన్ను 8–10 మిల్లీమీటర్లు ఉండే రకాలు సరుగుడు దుంగని గొడ్డలికి దగ్గరగా కొడతాయి.

మనకొచ్చే ఇబ్బంది ఆ మందంతోనే. కొబ్బరి మట్ట, అరటి బోదె, గట్టు మీది తుప్పలు నరకడానికి అది బరువెక్కువ, కోణం మొద్దు. గంటలో మణికట్టు లాగేస్తుంది. సన్నగా పొడుగ్గా ఉండే సిరుపతె రకం మన పనికి నయం. గుండ్రటి కొమ్ము పిడి, మధ్యలో గట్టు ఉన్నది, చెమట చేతికి తిరిగిపోతుంది. అలుగు ఇనుము పిడి చివరిదాకా కనపడే చిరువా రకం అడగండి. ఒరలో కూడా వచ్చే రెండు చిన్న కత్తుల్లో పదునులేనిది చక్‌మక్, వాదర వంగినచోట దువ్వి తిన్నగా చేయడానికి పనికొస్తుంది. ప్రదర్శనకి చేసే, తళతళలాడే స్టెయిన్‌లెస్ కుక్రీలు గోడకే.

పల్చటి మచెటేలు

వీటిని తక్కువగా చూడకూడదు. ట్రామొంటీనా అలుగు రెండు మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉండే 1070 స్టీలు, కాస్త మెత్తగా పదును పెట్టింది. రాయి తగిలితే పెచ్చు లేవదు, వంగుతుంది. ఆకురాయితో ఐదు నిమిషాల్లో తిన్నగా అవుతుంది. అరటి తోట, నర్సరీ మడుల గట్లు, మొగలి పొదలు, గుర్రపుడెక్క తీసే కాలవ గట్లు ఇలాంటి పనికి దీనికి మించింది లేదు. తేలిక కాబట్టి పూట పూటంతా ఆడించొచ్చు. ఫ్యాక్టరీ నుంచి వచ్చే వాదర దాదాపు మొద్దు, పెట్టె విప్పగానే అరగంట ఆకురాయి పని ఉందని ముందే అనుకోండి.

కోల్డ్ స్టీల్ కుక్రీ మచెటే 13 అంగుళాల అలుగు, 2.8 మిల్లీమీటర్ల మందం, 1055 స్టీలు. ఆ ముందు వెడల్పు వల్ల ఎండు కొమ్మల్ని కూడా ట్రామొంటీనా కన్నా బాగా కొడుతుంది. లావు సరుగుడు దుంగ మీద మాత్రం పల్చటి అలుగు అదిరి ఆ ఊపు చేతికి తిరిగొస్తుంది. దాన్ని దుంగలో దించి వెన్ను మీద కర్రతో కొట్టి చీల్చాలని చూస్తే అలుగు మెలి తిరుగుతుంది. మచెటేతో చెయ్యకూడని పని అదొక్కటే, చాలామంది చేసేదీ అదే.

అమెరికా మందపాటి కత్తులు

బెకర్ బీకే9 అలుగు సుమారు 9 అంగుళాలు, మందం 4.8 మిల్లీమీటర్లు, బరువు అర కిలోకి కొంచెం తక్కువ. ఈఎస్ఈఈ-6 అలుగు ఆరున్నర అంగుళాలు, అదే మందం, బరువు 340 గ్రాముల చుట్టుపక్కల. రెంటికీ ఇనుము పిడి చివరి దాకా ఒకే ముక్క. వీటికి డబ్బు పెట్టేది నిలకడ కోసం. వంద కత్తులు తీసినా పదును దాదాపు ఒకేలా ఉంటుంది, కొలిమిలో దొరకని సుఖం అదే. వెన్ను మీద కొట్టి చీల్చే పనిలో బీకే9 నిలబడుతుంది: మణికట్టంత ఎండు సరుగుడుని కణుపు లేని వైపు నుంచి చీల్చుకుంటూ పోవచ్చు. ఈఎస్ఈఈ-6 పిడి మైకార్టాది (గుడ్డ పొరల్ని రెసిన్‌తో గట్టిపరిచింది), తడి చేతికి పట్టు బాగా దొరుకుతుంది. బెకర్ పిడి గట్టి ప్లాస్టిక్, నున్నన. కొబ్బరి నీళ్లు పడితే జారుతుంది. సైకిల్ హ్యాండిల్ టేపు చుట్టుకుంటే సరిపోతుంది.

కానీ నరకడంలో? బీకే9 బరువు మచ్చుకత్తిలో మూడో వంతు తక్కువ, అలుగు పొట్టి. పచ్చి మట్ట మీద మచ్చుకత్తి ఒక్క వేటుకి దింపేది దీనికి రెండు వేట్లు. ఆరున్నర అంగుళాల ఈఎస్ఈఈ-6ని నరుకుడు కత్తి అనడం అతి; అది పెద్ద పనికత్తి. దిగుమతి చేసుకున్న ఒక్కదాని ఖర్చుతో కమ్మరి దగ్గర పది కత్తులు చేయించుకోవచ్చు. అడవి బాటలు తిరిగేవాళ్లకి, ఒకే కత్తితో అన్నీ నడవాలనుకునేవాళ్లకి న్యాయమే. తోట ఉన్నవాళ్లకి దండగ.

మోరా గార్బర్గ్ గురించి రెండు వాక్యాలు చాలు. 109 మిల్లీమీటర్ల అలుగు, 3.2 మందం, 14సీ28ఎన్ స్టెయిన్‌లెస్: తాడు కోయడానికి, చేపలు శుభ్రం చేయడానికి, అంతర్వేది వైపు ఉప్పుగాలికి అన్నిటికన్నా హాయి. నరకడానికి కాదు, కాబట్టి పోటీలో లేదు.

ఏ కర్ర ఏం చేస్తుంది

తాడి, కొబ్బరి జాతి చెట్ల కణజాలంలో సూక్ష్మమైన సిలికా రేణువులుంటాయి, వెదురు పైచర్మంలోనూ ఉంటాయి. అందుకే మెత్తగా కనపడే తాటిమట్ట కత్తిని అంత తొందరగా మొండి చేస్తుంది. అక్కడ పెచ్చు లేవడం కాదు, అరుగుదల. కాస్త గట్టి వాదరే మేలు. 1095 కత్తులు ముందుండేది ఇక్కడే. ఎండు సరుగుడు కణుపు, ఎండు సర్కారు తుమ్మ దీనికి పూర్తిగా ఎదురు. అరుగుదల తక్కువ, దెబ్బ ఎక్కువ. వాదర కోణం ఒక్కో పక్క 20 డిగ్రీలకి తగ్గకూడదు. పచ్చి పనికే ఉంచుకునే కత్తికి 16–17 చాలు. ఒకే కత్తితో రెండూ చేస్తే పిడి వైపు సగం మొద్దుగా, కొస వైపు సగం సన్నగా పట్టుకోవచ్చు; అనుభవమున్న నరుకుడు మనుషుల కత్తులు చూడండి, చాలావాటికి అలాగే ఉంటుంది.

వరద పోయాక తోటలోకి వెళ్తే మాత్రం ఏ కత్తీ లాభం లేదు. మాను అడుగున మొలలోతు వరకు ఒండ్రూ ఇసుకా పట్టి ఉంటాయి. ముందు నీళ్లతో కడిగి, లేదా పాత మచెటేతో పైపొర గీకి, తర్వాత మంచి కత్తి తియ్యండి.

తుప్పు, సాన

స్టెయిన్‌లెస్ తప్ప పైవన్నీ తుప్పు పట్టేవే. కొబ్బరి నీళ్లు కాస్త పులుపు, అరటి పాలలో ఇనుముని నల్లబరిచే వగరు ఉంటుంది. నల్లబడితే నష్టం లేదు, ఎర్రబడితేనే. పని అవ్వగానే మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, కొబ్బరినూనె పల్చగా రాస్తే చాలు. సంక్రాంతి చలికి అది గడ్డకట్టి తెల్లగా కనపడుతుంది, కంగారు పడకండి. తోలు ఒరలో పెట్టి గోడకి తగిలిస్తే మాత్రం వానాకాలంలో తోలు తేమ పీల్చి నెల తిరక్కుండా అలుగు మీద గుంటలు పెడుతుంది. గోనె సంచిలో చుట్టడమూ అంతే. ఒర ప్రయాణానికి, చూరు కింద ఆరుబయట మేకు నిల్వకి.

సాన కరెంటు గ్రైండరుతో పట్టిస్తే ఒక్క సెకను ఏమరుపాటుకి కొస నీలం తిరుగుతుంది. ఆ మేర పదును పోయినట్టే, నీలం తుడిచేస్తే తిరిగిరాదు. పెద్ద నొక్కులుంటే ఆకురాయి, తర్వాత హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే రెండు ముఖాల కార్బొరండం రాయి, గరుకు వైపు ముందు. వాదర వెంట స్కెచ్ పెన్నుతో గీసి రెండు సార్లు రుద్ది చూడండి. రంగు వెన్ను వైపు మిగిలితే కోణం ఎక్కువైంది, అంచు దగ్గర మిగిలితే కోణం తక్కువైంది. వాలు చదునుగా కాక చేప పొట్టలా లేచి ఉంటే మట్టలో ఇరుక్కోదు. వేలాడే కొబ్బరాకు రేకని ఊపితే తెగాలి, చేతి వెంట్రుకలు గీకాల్సిన పని లేదు.

చట్టం సంగతి

1959 ఆయుధాల చట్టం కింది నిబంధనల జాబితాలో 9 అంగుళాల కన్నా పొడవు లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు ఉన్న కత్తులు, కుక్రీలు పేరుతో సహా, ఆయుధాలుగా ఉన్నాయి. ఇంటిపనికి, వ్యవసాయానికి, పరిశ్రమకి, శాస్త్రపనులకి తయారైనవాటికి మినహాయింపు ఉంది. మచ్చుకత్తి తోటలో ఉన్నంతసేపూ పనిముట్టే. జాతరకి బైకు వెనక పెట్టుకుని వెళ్తే చూసేవాళ్లు అలా అనుకోరు. కుక్రీ కొనేవాళ్లు పేరు జాబితాలో ఉందని గుర్తుంచుకుని, గోనెలో కట్టి, పనిముట్లతో పాటే తీసుకెళ్లాలి.

చేయించుకోవాలనుకుంటే కమ్మరి దగ్గరికి సార్వా, దాళ్వా కోతల ముందు వెళ్లకండి. కోత మిషన్లు వచ్చినా కొడవళ్ల కక్కులు కొట్టే పని, నాగళ్ల పని అప్పుడే పడతాయి, మీ కత్తికి తొందర పదునే దక్కుతుంది. కోతలయ్యాక వెళ్లండి, అదీ పొద్దు వాలే వేళకి. ఎండలో ఎరుపు ఎంతుందో ఎంత చెయ్యి తిరిగినవాళ్లకీ సరిగ్గా కనపడదు. సందె చీకట్లోనే ఆ రంగు నిజం చెబుతుంది.